కేంబ్రిడ్జ్ ముందుగది, ఓక్లాండ్ షెడ్డు

వృద్ధుల కోసం, వైకల్యం ఉన్నవాళ్ల కోసం నడిచే క్లాసుల మీద ఎవరూ విమర్శ రాయరు. మెచ్చుకుంటారు. పేపర్లో ఫోటో వేస్తారు. తెల్లజుట్టు పెద్దావిడ కాగితం పువ్వు పట్టుకుని నవ్వుతూ ఉంటుంది, పక్కన వాలంటీరు ఆవిడ కంటే ఎక్కువగా నవ్వుతూ ఉంటుంది. మంచిపని చేస్తున్నవాళ్లను పట్టుకుని ఆ పనిలో లోటేమిటని అడగడం మర్యాద కాదనుకుంటాం. ఆ మర్యాద వల్ల నష్టపోయేది క్లాసుకు వచ్చినవాళ్లే. సినిమా బాగుందో లేదో చెప్పేవాళ్లున్నారు, నవల గురించి చెప్పేవాళ్లున్నారు, ఆఖరికి హోటల్ ఇడ్లీ గురించి చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. డెబ్బై ఏళ్ల మనిషి వారానికి రెండు పూటలు గడిపే చోటు గురించి చెప్పేవాళ్లు మాత్రం లేరు.

ఇక్కడ రెండు చోట్లను ఎదురెదురుగా పెట్టి చూస్తాను. ఒకటి 1981లో కేంబ్రిడ్జ్‌లో రూపు కట్టిన ‘యూనివర్సిటీ ఆఫ్ ది థర్డ్ ఏజ్’. ఇంగ్లండులో పొట్టిగా యూత్రీఏ అంటారు. రెండోది 1974 నుంచి కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో నడుస్తున్న క్రియేటివ్ గ్రోత్ అనే స్టూడియో. మొదటిది ఉద్యోగాలు ముగించుకున్నవాళ్లది. రెండోది మేధో వైకల్యం, ఆటిజం, ఇంకా రకరకాల వైకల్యాలతో పెరిగి పెద్దవాళ్లయినవాళ్లది. ఈ రెండింటికీ పోలికేమిటని అడగవచ్చు. ఒక పోలిక మాత్రం గట్టిది. పంతులు పాఠం చెబితే మిగతావాళ్లు వినాలన్న పద్ధతిని రెండూ మొదట్లోనే తీసి అవతల పెట్టాయి. ఎందుకు తీసేశాయన్న దగ్గరే దారులు చీలాయి.

కేంబ్రిడ్జ్ కంటే ముందు తూలూజ్ ఉంది. ఫ్రాన్సులో 1968 విద్యార్థి ఉద్యమం తర్వాత వచ్చిన ఉన్నత విద్యా చట్టం, వయోజనులకు చదువు చెప్పే పూచీని కూడా విశ్వవిద్యాలయాల మీద పెట్టింది. ఆ వీలు చూసుకుని పియేర్ వెల్లాస్ అనే ప్రొఫెసర్ 1973లో తూలూజ్ విశ్వవిద్యాలయంలో రిటైరైనవాళ్లకు తలుపు తెరిచాడు. చిన్న ఫారం నింపి, నామమాత్రపు ఫీజు కడితే చాలు. పరీక్షలు లేవు. పాఠాలు, చుట్టుపక్కల చూడదగ్గ చోట్లకు యాత్రలు, ఒంటికి వ్యాయామం ఉంటాయి. రెండేళ్లకే ఇలాంటివాటికి ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడింది, వార్సాలోనూ ఒకటి మొదలైంది. మెచ్చుకోదగ్గదే. కానీ హాల్లో కుర్చీల వరస మాత్రం మారలేదు. ప్రొఫెసర్ వేదిక మీద, పెద్దవాళ్లు కింద. అరవై ఏళ్ల బతుకులో నేర్చుకున్నదంతా చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి లోపలికి రావాలి.

కేంబ్రిడ్జ్‌వాళ్లు పేచీ పెట్టింది ఆ వరసతోనే. పీటర్ లాస్లెట్, మైకేల్ యంగ్, ఎరిక్ మిడ్‌వింటర్ అనే ముగ్గురు దీనికి పూనుకున్నారు. లాస్లెట్ చరిత్రకారుడు. పాతకాలపు ఇంగ్లండులో ఒక్కో ఇంట్లో ఎంతమంది ఉండేవాళ్లో పాత జనాభా జాబితాలు తిరగేసి లెక్క తీసినవాడు. యంగ్ ఊరికే కూర్చునే మనిషి కాదు. వినియోగదారుల సంఘం వెనకా, ఓపెన్ యూనివర్సిటీ ఆలోచన వెనకా ఆయన చెయ్యి ఉంది. ఈ రోజు అందరూ గొప్పగా వాడే మెరిటోక్రసీ అన్న మాటను 1958లో ఎగతాళి పుస్తకం రాసి వ్యాప్తిలోకి తెచ్చినవాడూ ఆయనే. లాస్లెట్, యంగ్ ఇద్దరూ 1915లో పుట్టారు. అంటే 1981లో వాళ్లు ఆలోచించింది ఎవరో ముసలివాళ్ల గురించి కాదు, తమ ఈడువాళ్ల గురించి. విశ్వవిద్యాలయం దయతలచి తలుపు తెరవడమేమిటి, రిటైరైన ఇంజనీరు, నర్సు, బడిపంతులు, తోటమాలి ఒకచోట కూర్చుంటే అదే విశ్వవిద్యాలయం కదా అన్నారు. సోమవారం భూగర్భశాస్త్రం చెప్పినావిడ గురువారం ఫ్రెంచి క్లాసులో వెనక వరసలో కూర్చుంటుంది. చెప్పినందుకు జీతం లేదు. నేర్చుకున్నందుకు సర్టిఫికెట్టూ లేదు.

పంతుల్ని తీసేయడమంటే ఇక్కడ అర్థం ఇది: అందరూ పంతుళ్లే. దీన్ని ఊరికే ఆదర్శంగా చూడకూడదు, దీని వెనక ఖర్చు లెక్క కూడా ఉంది. జీతాలు లేకపోతే చందా తక్కువ. చందా తక్కువైతే ప్రభుత్వాన్ని అడగక్కర్లేదు. అడగకపోతే ఏ మంత్రి మారినా సంఘం మూతపడదు. ఆ ముందుచూపు ఎంత గట్టిదో నలభై ఏళ్ల తర్వాత తెలుస్తోంది. బ్రిటన్‌లో ఇప్పుడు ఇలాంటి స్థానిక సంఘాలు వెయ్యికి పైగా ఉన్నాయి, సభ్యుల సంఖ్య నాలుగు లక్షల దరిదాపుల్లో ఉంది. ప్రతి సంఘానికీ సొంత కమిటీ, సొంత ఖజానాదారు, సొంత తగాదాలు ఉంటాయి. స్థానిక చరిత్ర బృందంలో ఎవరు ఎక్కువసేపు మాట్లాడుతున్నారన్న విషయం మీద కమిటీ మీటింగు గంట సాగితే నవ్వుకోనక్కర్లేదు. తమ పూటలు ఎలా గడవాలో తామే పోట్లాడుకుని తేల్చుకునే హక్కు వృద్ధాశ్రమాల్లో ఎంతమందికి ఉంది? తలుపు తాళంచెవి సభ్యుల చేతిలోనే ఉంది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఇదే.

ఆ తలుపు ఎక్కడుందో కూడా చూడాలి. చాలా బృందాలు ఎవరో ఒక సభ్యురాలి ఇంటి ముందుగదిలో కూర్చుంటాయి. అద్దె కలిసొస్తుంది, టీ దొరుకుతుంది, హాలు బుక్ చేసుకునే తిప్పలుండవు. కానీ పాత ఇంగ్లీషు ఇళ్లకు వాకిట్లో ఒకటో రెండో మెట్లు ఉంటాయి, బాత్రూము చాలాసార్లు మేడ మీద ఉంటుంది. ఎనిమిది మంది పట్టే గదిలో చక్రాల కుర్చీ తిరగదు. ఎవరూ ఎవరినీ రావద్దనరు. వచ్చినవాళ్లు పుస్తకం తెచ్చుకుంటారు, మాట వింటారు, తమ వంతు వచ్చినప్పుడు చెబుతారు. చెవి సరిగ్గా వినపడనివాళ్లు మొదట ముందుకు జరిగి కూర్చుంటారు, తర్వాత తలూపుతూ కూర్చుంటారు, ఆ తర్వాత రావడం మానేస్తారు.

ఇది ఏదో పొరపాటున జరిగే సంగతి అయితే సర్దుకోవచ్చు. లాస్లెట్ ఆలోచనలోనే దీనికి చోటుంది. 1989లో ఆయన మనిషి బతుకును నాలుగు వయసులుగా చేసి ఒక పుస్తకం రాశాడు. మొదటిది ఇతరుల మీద ఆధారపడి పెరిగే కాలం, రెండోది సంపాదనా బాధ్యతా ఉన్న కాలం, మూడోది తనకోసం తాను బతికే కాలం, నాలుగోది శరీరం చెడి మళ్లీ ఆధారపడే కాలం. మూడోదే మనిషికి పట్టాభిషేకం అన్నాడు. క్యాలెండరు చూసి వయసు తేల్చవద్దన్నాడు, నాలుగోదాన్ని ఎంత వీలైతే అంత వెనక్కి నెట్టాలన్నాడు. ఆ ఉత్సాహం వెనక కారణముంది. ముసలితనమంటే జబ్బేనని నమ్మే సమాజంతో ఆయన వాదిస్తున్నాడు. ముసలివాళ్లలో ఎక్కువమంది జబ్బుమనుషులు కారని చెప్పడానికి, జబ్బుమనుషుల్ని వేరే అరలో పెట్టాడు. వాదం గెలిచింది. అరలో ఉన్నవాళ్లు అరలోనే ఉండిపోయారు.

మనవాళ్లకు నాలుగు భాగాలనగానే ఆశ్రమధర్మాలు గుర్తొస్తాయి. అక్కడా ఇదే చిక్కు. వానప్రస్థానికి అడవి దాకా నడిచే కాళ్లు కావాలి, సన్యాసానికి భిక్షకు తిరిగే ఓపిక కావాలి. మంచం పట్టినవాడికి ఏ ఆశ్రమమో శాస్త్రం తేల్చలేదు. కోడలికి అప్పజెప్పింది.

యూత్రీఏ వాళ్లు ఈ లోటు గుర్తించలేదని అంటే అన్యాయం. 1990ల చివర ఆస్ట్రేలియాలో ఇల్లు కదలలేని పెద్దవాళ్ల కోసం ఆన్‌లైన్ కోర్సులతో ఒక యూత్రీఏ మొదలైంది. జూమ్ లేని కాలంలో అది పెద్ద సాహసమే. 2020లో కోవిడ్ వచ్చి అందర్నీ ఇళ్లలో కూర్చోబెట్టినప్పుడు బ్రిటన్ సంఘాలు కూడా తెరల మీదికి వెళ్లాయి. అప్పటిదాకా మెట్లెక్కలేక ఆగిపోయినవాళ్లకు ఒక్కసారిగా ముందుగది అందుబాటులోకి వచ్చింది. మిగతావాళ్లకు కష్టకాలమైంది వీళ్లకు కలిసొచ్చింది. అయినా తెర మీద పాఠం వినాలన్నా మాట, చూపు, జ్ఞాపకం సరిగ్గా ఉండాలి. అందరూ పంతుళ్లే అన్న నియమానికి అడుగున ఒక షరతు ఉంది: పంతులు కాగలిగినవాళ్లే అందరూ.

ఓక్లాండ్ కథ ఆ షరతు దగ్గరే మొదలవుతుంది. 1960ల చివర కాలిఫోర్నియాలో మేధో వైకల్యం ఉన్నవాళ్లు వేలమంది పెద్దపెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏళ్లకేళ్లు పడి ఉండేవాళ్లు. 1969లో వచ్చిన లాంటర్మన్ చట్టం వాళ్లకు సొంత ఊళ్లోనే, మనుషుల మధ్య ఉండి సేవలు పొందే హక్కు ఇచ్చింది. హక్కు వచ్చింది సరే, బయటికి వచ్చిన మనిషి పొద్దున లేచి ఎక్కడికి వెళ్లాలి? ఎలియాస్ కాట్జ్ అనే మనస్తత్వవేత్త, ఆయన భార్య, చిత్రకారిణి ఫ్లోరెన్స్ లుడిన్స్ కాట్జ్ 1974లో తమ ఇంటి గరాజులో కొన్ని రంగులు, కాగితాలు పెట్టి కొందరిని పిలిచారు. తర్వాత అది ఓక్లాండ్‌లో ఒకప్పుడు కార్లు బాగుచేసిన పెద్ద షెడ్డులోకి మారింది. దాని పక్కనే గ్యాలరీ తెరిచారు. ఈ దంపతుల పూనికతోనే రిచ్‌మండ్‌లో 1982లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో 1983లో ఇలాంటివే ఇంకో రెండు స్టూడియోలు వచ్చాయి.

ఇక్కడ కూడా పంతులు లేడు, కానీ కారణం వేరు. సిబ్బందిలో కళాకారులున్నారు, వాళ్లకు జీతాలున్నాయి. వాళ్ల పని సామాను అందించడం, మట్టి కాల్చడం, దారం తెగితే కొత్త ఉండ ఇవ్వడం. ఇలా గియ్యి, అలా దిద్దు అని చెప్పకూడదు. చెబితే వచ్చే బొమ్మ సిబ్బందిది అవుతుంది. ఈ నియమం చదవడానికి తేలిక. చేతుల్లో నైపుణ్యం ఉన్న మనిషి, కళ్లెదుట ఇంకొకరు తప్పు అనిపించే పని చేస్తుంటే రోజంతా నోరు మూసుకుని ఉండాలి. కేంబ్రిడ్జ్‌లో ప్రతివాళ్లకూ మాట్లాడే వంతు ఉంది. ఓక్లాండ్‌లో తెలిసినవాళ్లు మాట్లాడకుండా ఉండటమే ఉద్యోగం.

ఆ ఉద్యోగం విలువ ఏమిటో జూడిత్ స్కాట్ సంగతి తెలిస్తే అర్థమవుతుంది. ఆమె 1943లో ఒహాయోలో కవలల్లో ఒకరిగా పుట్టింది. కవల సోదరి జాయిస్‌కు ఏ ఇబ్బందీ లేదు. జూడిత్‌కు డౌన్ సిండ్రోమ్. వినికిడి కూడా లేదు, కానీ ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేదు. ఏడేళ్ల వయసులో పిల్లను ప్రభుత్వ సంస్థలో చేర్చారు. చెప్పింది వినపడక జవాబు చెప్పలేకపోతే, చదువు రాదని తేల్చేశారు. ముప్ఫై ఐదేళ్లు ఆ గోడల మధ్యే గడిచాయి. 1980ల నడిమధ్యలో జాయిస్ సంరక్షకురాలిగా బాధ్యత తీసుకుని జూడిత్‌ను కాలిఫోర్నియాకు తెచ్చుకుంది, 1987లో క్రియేటివ్ గ్రోత్‌కు తీసుకువచ్చింది.

వచ్చాక జరిగింది ఏమీ లేదు. రంగులు ఇచ్చారు, పెన్సిళ్లు ఇచ్చారు. ఆమె ఏవో గీతలు గీసేది, ఆసక్తి ఉన్నట్టు కనిపించేది కాదు. ఇలా దాదాపు రెండేళ్లు గడిచాయి. ఒకరోజు సిల్వియా సెవెంటీ అనే ఫైబర్ ఆర్టిస్టు వచ్చి వర్క్‌షాపు పెట్టింది. జూడిత్ అక్కడి నూలు, పుల్లలు అందుకుని తన పద్ధతిలో చుట్టడం మొదలుపెట్టింది. చుట్టడం ఆగలేదు. 2005లో చనిపోయేదాకా స్టూడియోలో దొరికిన వస్తువుల్ని నూలుతో, గుడ్డపేలికలతో చుట్టి, ముడివేసి, మళ్లీ చుట్టి రెండు వందల దాకా శిల్పాలు చేసింది. కొన్ని నిలువెత్తు మనిషంత ఉంటాయి. లోపల కుర్చీ ఉందో, తోపుడుబండి ఉందో, పుల్లల కట్ట ఉందో బయటికి తెలియదు. కొన్నిట్లో రెండు ఆకారాలు ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి. కవలలని చెప్పేవాళ్లున్నారు. నేనైతే అంత తొందరపడి చెప్పను. మాట లేని మనిషి పనికి మనం మాట అంటించడం తేలిక, ఆమె కాదనలేదు గనక మరీ తేలిక.

నేను ఆగేది ఆ రెండేళ్ల దగ్గర. రెండేళ్లపాటు ఏమీ చెయ్యని మనిషికి రోజూ బల్ల, కుర్చీ, కాగితం ఇస్తూ పోవాలంటే ఏం కావాలి? ఓపిక కావాలని అందరూ అంటారు. ఓపిక ఒక్కటే అయితే యూత్రీఏలో దానికి కొదవలేదు. గది అద్దె కావాలి, మనిషి జీతం కావాలి, ‘ఈ నెల ఏం ప్రగతి సాధించింది’ అని అడిగే ఫారంలో ఏం రాస్తారో చూసి పేరు కొట్టెయ్యని ప్రభుత్వం కావాలి. అన్నిటికీ డబ్బుతోనే పని. కేంబ్రిడ్జ్ ఏ డబ్బునైతే వద్దనుకుని స్వేచ్ఛ సంపాదించుకుందో, ఆ డబ్బు లేకపోవడం వల్లనే జూడిత్ లాంటి మనిషికి అక్కడ చోటు లేదు. యూత్రీఏ బృందంలో రెండేళ్లు మాట్లాడకుండా కూర్చున్న సభ్యురాలిని ఎవరూ పంపించరేమో. కానీ ఆమెను అక్కడికి తెచ్చేదెవరు, మధ్యాహ్నం అన్నం తినిపించేదెవరు, ఆమె చేతికి నూలు అందేలా చూసేదెవరు?

లాస్లెట్ గీసిన నాలుగు వయసుల పటం ఓక్లాండ్ షెడ్డు మీద పరిస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. మూడో వయసు వచ్చేది రెండోది అయిపోయాక. ఉద్యోగం, జీతం, రిటైర్మెంటు ఎన్నడూ లేని మనిషికి మూడో వయసు ఎప్పుడు మొదలవుతుంది? జూడిత్ నలభై నాలుగో ఏట స్టూడియోకు వచ్చింది. అప్పటిదాకా మొదటి వయసులోనే, అదీ ఒక సంస్థ గోడల మధ్య, ఉంచేశారు. ఆ తర్వాతి పద్దెనిమిదేళ్లను సంపాదన కాలమనాలా, విశ్రాంతి కాలమనాలా? ఆమె పని అమ్ముడుపోయింది, మ్యూజియాలు కొన్నాయి, అంటే వృత్తే కదా. రోజూ ఒకే వేళకు వచ్చి ఒకే బల్ల దగ్గర కూర్చుని సాయంత్రం దాకా చేసే పనిని కాలక్షేపం అనడానికి నాకు నోరు రాదు. వృద్ధుల క్లాసులను, వికలాంగుల క్లాసులను ఒకే పద్దులో రాసే అధికారులు ఈ తేడా ఒకసారి చూడాలి. రిటైరైన మనిషి క్లాసుకు వచ్చేది పని వదిలిపెట్టాక. క్రియేటివ్ గ్రోత్‌కు వచ్చేవాళ్లలో చాలామందికి క్లాసే మొదటి పని.

ఓక్లాండ్‌ను మెచ్చుకోవడం సులువు గనక దాని తప్పులు కూడా గట్టిగానే చెప్పాలి. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? సిబ్బంది దగ్గర, డైరెక్టరు దగ్గర. ఏ బొమ్మ గోడకెక్కాలి, ఏది బీరువాలో ఉండాలి, ఏ ధరకు అమ్మాలి అన్నవి బొమ్మ వేసినవాళ్లు తేల్చే సంగతులు కావు, కనీసం చాలామంది విషయంలో కావు. అమ్మకం సొమ్ములో కళాకారులకు వాటా ఉంది, అది మంచిదే. కానీ జూడిత్ తన శిల్పాన్ని అమ్మమని ఎప్పుడూ చెప్పలేదు, అమ్మవద్దని కూడా చెప్పలేదు. పని అయిపోయిందనుకుంటే పక్కకు తోసి ఇంకోటి మొదలుపెట్టేది. పక్కకు తోయడాన్ని ఒప్పుకోలుగా చదివినవాళ్లు మనమే. 2014లో బ్రూక్లిన్ మ్యూజియం ఆమె శిల్పాలతో పెద్ద ప్రదర్శన పెట్టింది. 2017లో వెనిస్ బినాలేలో ఆమెవీ, ఆ స్టూడియోకే చెందిన డాన్ మిల్లర్‌వీ చూపించారు. 2024లో శాన్‌ఫ్రాన్సిస్కో ఆధునిక కళా మ్యూజియం ఈ స్టూడియోకు యాభై ఏళ్లయిన సందర్భంగా ప్రదర్శన పెట్టింది, అంతకుముందే వందకు పైగా పనులు సేకరించుకుంది. గౌరవమే. ఈ గౌరవం అంచున ఒక ప్రమాదం కూడా ఉంది. వందమందికి పైగా పనిచేసే చోట మ్యూజియానికి ఎక్కినవాళ్లు కొద్దిమంది. మిగతావాళ్లు రోజంతా వేసిన బొమ్మలు ఎవరూ కొనకపోయినా వాళ్ల బల్లలకు అంతే వెలుతురు పడుతుందా అన్నది మార్కెట్ ఉన్న ప్రతి స్టూడియోను అడగాల్సిన ప్రశ్న.

తాళంచెవి ప్రశ్నను కాలిఫోర్నియాలో ఎవరూ అడగలేదనుకుంటే పొరపాటు. ఓక్లాండ్‌కు పక్కనే బర్క్‌లీ ఉంది. పోలియోతో మెడ కింద శరీరం చచ్చుబడిన ఎడ్ రాబర్ట్స్ 1962లో అక్కడి విశ్వవిద్యాలయంలో చేరి, హాస్టల్లో చోటు లేక ఆసుపత్రి గదిలో ఉండి చదువుకున్నాడు. ఆయనా, ఆయన తోటివాళ్లూ 1972లో పెట్టిన ఇండిపెండెంట్ లివింగ్ సెంటర్లో నిర్ణయాలు వికలాంగులవే. నడిపేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే ఉండాలన్నది అక్కడి పట్టుదల. క్రియేటివ్ గ్రోత్ మొదలైన 1974లోనే పక్క రాష్ట్రం ఓరెగాన్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్లు పీపుల్ ఫస్ట్ పేరుతో సొంత సంఘం పెట్టుకున్నారు. మీటింగు వాళ్లే నడిపారు. అంటే మాట తడబడేవాళ్లు, నెమ్మదిగా ఆలోచించేవాళ్లు కమిటీ నడపలేరన్నది నిజం కాదు. అదే ఏడు, అదే పడమటి తీరంలో ఒకరు రంగులు ఇచ్చారు, ఇంకొకరు ఓటు ఇచ్చారు. రెండూ ఒకే గదిలో ఎందుకు కుదరలేదో నాకు ఇప్పటికీ నమ్మదగ్గ కారణం దొరకలేదు.

కేంబ్రిడ్జ్, ఓక్లాండ్ పద్ధతుల మధ్య నడిచే మూడోదొకటి బ్రూక్లిన్‌లో ఉంది. 2001లో అక్కడి పార్కిన్సన్స్ బాధితుల బృందాన్ని నడుపుతున్న ఓలీ వెస్ట్‌హైమర్, మార్క్ మోరిస్ నృత్య సంస్థ తలుపు తట్టింది. ఫిజియోథెరపీ వద్దు, నిజమైన డాన్సు క్లాసు కావాలని అడిగింది. మొదట కుర్చీల్లో కూర్చుని, తర్వాత కమ్మీ పట్టుకుని, తర్వాత ఓపిక ఉన్నవాళ్లు గది మధ్యలోకి వచ్చి చేస్తారు. పియానో వాయించేవాళ్లు గదిలోనే ఉంటారు. చేతి వణుకు గురించి ఎవరూ మాట్లాడరు, చెయ్యి ఏ దిక్కుకు వెళ్లాలో మాట్లాడతారు. ఇక్కడ పంతులు తిరిగి వచ్చాడు, అదీ వృత్తి నర్తకుడు. వచ్చినా తప్పులేదనిపించింది. లాస్లెట్ మూడో వయసు, నాలుగో వయసు అని గీసిన గీత పార్కిన్సన్స్ వచ్చిన మనిషి ఒంటి మీద ప్రతి ఏడూ కొంచెం జరుగుతుంటుంది. ఆ క్లాసు గీతతో పాటు కుర్చీని కూడా జరుపుతుంది. నిరుడు నిలబడి చేసినవాళ్లు ఈ ఏడు కూర్చుని చేస్తే పేరు కొట్టెయ్యరు. మన దేశంలో పుణెలో హృషీకేశ్ పవార్ ఇలాంటి క్లాసు నడిపాడు.

ఇక మనవైపు. ఓక్లాండ్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లు తక్కువేం కాదు. పిల్లల దగ్గరికి ఆరు నెలల వీసా మీద వెళ్లిన తల్లిదండ్రులు సాయంత్రం పార్కులో చుట్లు తిరిగి, బెంచీ మీద కూర్చుని ఊళ్లో కరెంటు బిల్లు గురించి మాట్లాడుకుంటారు. వాళ్లలో ఎవరైనా ఆ షెడ్డు గ్యాలరీలోకి అడుగుపెట్టారో లేదో తెలియదు గానీ, పెట్టదగ్గ చోటు. ఇక్కడ మన రాష్ట్రాల్లో వృద్ధులు, వికలాంగులు ప్రభుత్వానికి కనిపించేది పెన్షను పుస్తకంలో. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధులకు నెలకు 4,000, వికలాంగులకు 6,000 రూపాయలు. తెలంగాణలో వృద్ధులకు 2,016, వికలాంగులకు 2023 నుంచి 4,016. ఇది చిన్న సంగతి కాదు, ఆ డబ్బుతో ఇంట్లో మాట చెల్లుబాటైన ముసలివాళ్లు ఎందరో ఉన్నారు. కానీ ఒకటో తారీఖు దాటాక మిగిలిన రోజుల సంగతి ఎవరి పనీ కాదు. సదరం క్యాంపులో వైకల్యం ఎంత శాతమో తేలుస్తారు. ఆ మనిషికి ఏమిష్టమో అడిగే డెస్కు క్యాంపులో ఉండదు.

చట్టాలు మాత్రం మరీ మూగగా లేవు. వికలాంగుల హక్కుల చట్టం, 2016 తన 29వ సెక్షన్లో సంస్కృతి, వినోదం ప్రభుత్వ బాధ్యతల్లో చేర్చింది, వికలాంగ కళాకారులకు సాయం గురించి కూడా చెప్పింది. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం, 2007 వృద్ధాశ్రమాల గురించి చెబుతూ వైద్యంతో పాటు వినోదాన్ని కూడా తలుచుకుంది. ఆచరణలో ఆ వినోదం గోడకు బిగించిన టీవీ దగ్గర ఆగిపోతుంటుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యానికి జాతీయ సంస్థ ఉంది, అక్కడ తయారైన టీచర్లు దేశమంతా పనిచేస్తున్నారు. ఇలాంటి శిక్షణలో ఎక్కువ భాగం పిల్లల చుట్టూ తిరుగుతుంది. బడి వయసు దాటిన ముప్ఫై ఏళ్ల మనిషి తల్లి పక్కన ఇంట్లో కూర్చుంటాడు, తల్లికి డెబ్బై వస్తాయి. వృద్ధుల క్లాసు ఒకవైపు, వికలాంగుల క్లాసు ఒకవైపు పెడితే ఈ ఇంట్లో ఇద్దరూ దేనికీ వెళ్లలేరు. ఒకరిని వదిలి ఒకరు రాలేరు గనక.

తాళంచెవి చేతిలో ఉన్న సంఘాలు మనకు కొత్త కావు. పెన్షనర్ల సంఘాలు దశాబ్దాలుగా సొంత చందాలతో నడుస్తున్నాయి, వాటిలో యూత్రీఏ పోలికలు చాలా ఉన్నాయి, మేడ మీద హాలుతో సహా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 తర్వాత వెలుగు పథకం కింద వికలాంగులకు విడిగా పొదుపు సంఘాలు, మండల స్థాయిలో సమాఖ్యలు పెట్టారు. నెల నెలా కూర్చోవడం, పుస్తకం రాసుకోవడం, అప్పు ఎవరికివ్వాలో తేల్చుకోవడం వాళ్లే చేసుకున్నారు. మేధో వైకల్యం ఉన్నవాళ్ల తరఫున తల్లో తండ్రో వచ్చి కూర్చునేవాళ్లు. బర్క్‌లీ పట్టుదల మన పల్లెల్లో ఈ రూపంలో కనిపించింది. ఆ మీటింగులు పొదుపు, అప్పు, పెన్షను, సర్టిఫికెట్ల దగ్గరే ముగిసేవి. ముగియడం సహజం, ముందు ఆకలి తీరాలి. కానీ ఆ చాప మీదే ఇంకో గంట కూర్చుంటే అక్కడ పాటా, నూలూ, మట్టీ ఉండటానికి అడ్డమేమీ లేదు. కమిటీ ఉంది, నమ్మకం ఉంది, ఊళ్లో ఎవరింట్లో ఎవరు బయటికి రాకుండా ఉన్నారో పేర్లతో సహా తెలుసు. గది అద్దె సంగతి వాళ్లు మీటింగులో తేల్చుకోగలరు. రెండేళ్లపాటు ఏమీ చెయ్యకుండా కూర్చునే మనిషి పక్కన కూర్చునేవాళ్లకు జీతం ఏ పద్దు కింద రాయాలో మాత్రం వాళ్లు తేల్చలేరు, అది హైదరాబాదులోనూ అమరావతిలోనూ తేలాల్సిన లెక్క.